కోడ్ దొరికింది, చర్చలు దొరకలేదు

పలాస జీడిపప్పు వ్యాపారులకు తూకం, బిల్లుల సాఫ్ట్‌వేర్ రాసే చిన్న ఆఫీసు మాది, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర. బల్ల కింద పాత కంప్యూటర్‌లో, డాకర్ కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌ని దానికి కావాల్సినవన్నీ కలిపి విడిగా నడిపే పెట్టెలాంటిది) మా కోడ్, దాని మార్పుల చరిత్ర దాచుకునే గిటీ సర్వర్ నడుపుతున్నాం. మొన్న కొత్త వెర్షన్ కోసం పాత కంటైనర్ తీసేసి, డిస్క్ ఖాళీ చేద్దామని వాడకంలో లేని వాల్యూమ్‌లు (కంటైనర్ బయట డేటా నిలిచే చోట్లు) కూడా చెరిపేశాం. కొత్తది ఆన్ చేస్తే లాగిన్ పేజీకి బదులు ఇన్‌స్టాలేషన్ పేజీ వచ్చింది. గుండె ఝల్లుమంది. డేటా ఉన్న వాల్యూమ్‌కి మేం పేరే పెట్టలేదు. కంటైనర్ తీసేయగానే అదీ వాడకంలో లేనిదై, చెరిపిన వాటిలో పోయింది.

కోడ్ మాత్రం గంటలో వెనక్కొచ్చింది. ఆ పుణ్యం 2005 నాటిది. లైనక్స్ కెర్నల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ) బృందం కోడ్ మార్పుల చరిత్ర దాచడానికి ఉచితంగా వాడుకుంటున్న బిట్‌కీపర్ సాఫ్ట్‌వేర్‌కి ఆ ఏడాది ఉచిత అనుమతి ఆగిపోయింది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దాని బదులు ఏప్రిల్ 3న గిట్ రాయడం మొదలుపెట్టి, 7వ తేదీకల్లా గిట్ కోడ్‌ని గిట్‌లోనే దాచాడు. అంతకుముందు ఇదే పనికి వాడిన సీవీఎస్, సబ్‌వర్షన్‌లలో చరిత్రంతా సర్వర్‌లోనే ఉండేది. గిట్‌లో క్లోన్ (మొత్తం నకలు) చేసుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ పూర్తి చరిత్ర ఉంటుంది. మా కుర్రాడి ల్యాప్‌టాప్ మమ్మల్ని అలా కాపాడింది.

గిట్ కోడ్‌ని ఆన్‌లైన్‌లో ఉంచే గిట్‌హబ్ 2008లో వచ్చి, కోడ్ పక్కన ఇష్యూలు (చేయాల్సిన పనులు, సమస్యల మీద రాసుకునే చర్చలు), రివ్యూలు (కోడ్ మార్పుల మీద వ్యాఖ్యలు) చేర్చింది. ఇవి క్లోన్‌లో రావు, సర్వర్ డేటాబేస్‌లోనే ఉంటాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2018లో మైక్రోసాఫ్ట్ గిట్‌హబ్‌ని 750 కోట్ల డాలర్లకు కొనడం, 2019లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్ డెవలపర్ల ఖాతాలకు అడ్డు పడటం చూసి చాలామంది సొంత సర్వర్ వైపు చూశారు. మాకైతే కారణం తిత్లీ. 2018 అక్టోబర్ 11న ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక రోజుల తరబడి నెట్ లేదు. సర్వర్ గదిలోనే ఉంటే జనరేటర్ మీదైనా పని సాగేది కదా అనిపించింది.

గిట్‌హబ్ లాంటిదాన్ని సొంత సర్వర్‌లో నడుపుకోవడానికి 2014లో గోగ్స్, దాని నుంచి 2016లో గిటీ, గిటీ నుంచి 2022లో ఫోర్జియో వచ్చాయి. పాత కంప్యూటర్ మీదా తేలిగ్గా నడుస్తాయి. 2013లో వచ్చిన డాకర్ వల్ల ఇన్‌స్టాల్ చేయడం ఇంకా సులువైంది. కానీ కంటైనర్ అంటే ఎప్పుడైనా పారేసి కొత్తది పెట్టుకునేదే. లోపల రాసింది దాంతోపాటే పోతుంది, నిలవాల్సింది బయట వాల్యూమ్‌లో పెట్టాలి.

జీడి పిక్కల బస్తా 80 కిలోల లెక్కలో తరుగు ఎక్కడ తీయాలో ఓ వ్యాపారి చెప్పిన వివరమంతా ఒక ఇష్యూలో రాసుకున్నాం. అది పోయింది. మళ్లీ పలాస వెళ్లి అడిగి రాసుకొచ్చాం. ఇప్పుడు వాల్యూమ్‌కి పేరుంది. రోజూ రాత్రి డేటాబేస్‌తో సహా కాపీ తీసిన డ్రైవ్ శనివారం అరసవల్లిలోని మా ఇంటికి వెళ్తోంది.