వెన్నుసూది తలనొప్పికి వైరల్ జ్వరం తోడైతే: అపోహలు - వాస్తవాలు

విశాఖలో వానలు పడ్డాక డెంగీ జ్వరాలు పెరుగుతాయి, సిజేరియన్లు మాత్రం ఎప్పటిలాగే జరుగుతుంటాయి. సిజేరియన్‌కు మత్తు ఇవ్వడానికి వెన్నులో వేసే సూది వల్ల కొందరికి తర్వాత వచ్చేదే వెన్నుసూది తలనొప్పి. మత్తు వైద్యుడిగా ఆ రోజుల్లో నేను తరచుగా సరిదిద్దవలసి వచ్చే మాటలు ఇవి.

అపోహ: దిండు పెట్టుకున్నందుకే తలనొప్పి వచ్చింది.

ఒక బాలింత పడుకుని పాలిచ్చినంతసేపూ బాగానే ఉంది. ఇడ్లీ తినడానికి లేచి కూర్చోగానే మెడ వెనుక పట్టుకుని మళ్లీ వాలిపోయింది. "దిండు వద్దంటే వినలేదండీ" అన్నారు అత్తగారు. దిండు తప్పేమీ లేదు. వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకు సూది చేసిన రంధ్రంలోంచి ద్రవం కారిపోయి, మెదడు చుట్టూ ఒత్తిడి తగ్గడమే కారణం. 1898లో జర్మన్ శస్త్రవైద్యుడు ఆగస్ట్ బియర్ ఈ నొప్పిని స్వయంగా అనుభవించి వర్ణించాడు. పెన్సిల్ మొనలాంటి కొస ఉన్న సన్నని సూది వాడితే ఈ బాధ వచ్చే అవకాశం తగ్గుతుంది, కదలకుండా పడుకోబెట్టడం వల్ల మాత్రం రాకుండా ఆగదు.

అపోహ: జ్వరం ఉంది కాబట్టి ఇది జ్వరం తలనొప్పే.

లేస్తే పెరిగి, పడుకుంటే తగ్గుతోందా అన్నది ముందు అడగాలి. డెంగీ తలనొప్పి సాధారణంగా పడుకున్నా వదలదు.

అపోహ: సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే, గట్టి నొప్పి మాత్ర వేస్తే సరిపోతుంది.

ఒంట్లో నీరు తగ్గకుండా చూడటం అవసరమే కానీ, అంతకు మించి ఎక్కించినందువల్ల రంధ్రం మూసుకోదు. పైగా డెంగీలో రక్తనాళాల నుంచి ద్రవం బయటికి వచ్చే దశలో అదనపు సెలైన్ ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడానికి దారితీయవచ్చు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావ ప్రమాదాన్ని పెంచుతాయి కనుక, తగిన మోతాదులో పారాసిటమాలే మేలు. కాఫీ కొంతమందికి కాసేపు ఉపశమనమిస్తుంది.

అపోహ: బ్లడ్ ప్యాచ్ చేస్తే వైరస్ మెదడుకు ఎక్కుతుంది.

రోగి చేతి నుంచి తీసిన రక్తాన్ని, సాధారణంగా 15 - 20 మిల్లీలీటర్లు, వెన్నులో ఆ పొర బయట నెమ్మదిగా ఎక్కించి రంధ్రాన్ని మూయడమే బ్లడ్ ప్యాచ్. హెచ్‌ఐవీ ఉన్నవారికి కూడా దీన్ని సురక్షితంగా చేసిన అనుభవం ఉంది. ఆ వైరస్ ఎలాగూ తొలిదశలోనే నాడీవ్యవస్థను చేరుతుంది. అందువల్ల వైరస్ ఉందన్న ఒక్క కారణంతో ప్యాచ్‌ను శాశ్వతంగా తోసిపుచ్చనక్కరలేదు. నన్ను ఆపేవి రెండు: ఒంట్లో అప్పుడు కాగుతున్న జ్వరం, పడిపోతున్న ప్లేట్‌లెట్లు. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నప్పుడు వెన్నులో మళ్లీ సూది దించితే, అక్కడ రక్తస్రావమై, చేరిన రక్తం గడ్డగా మారి వెన్నుపామును నొక్కి కాళ్లు పడిపోవచ్చు. చాలామందిలో ఈ నొప్పి ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది కనుక, జ్వరం దిగి, ప్లేట్‌లెట్లు కోలుకునేదాకా ఆగడాన్నే నేను ఇష్టపడతాను.

అపోహ: ఎలాగూ తగ్గేదే, ఇంట్లోనే ఉండవచ్చు.

పడుకున్నా తగ్గని స్థితికి నొప్పి మారినా, మెడ బిగిసినా, మూర్ఛ వచ్చినా, మాట తడబడినా, చూపు మసకబారినా అది ఇక వెన్నుసూది తలనొప్పి అనుకోకూడదు. మెదడుపొర వాపు, మెదడు సిరల్లో గడ్డ, పుర్రె లోపల రక్తస్రావం, వీటిలో ఏదైనా కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి ఆ రాత్రే తీసుకురండి.