ఇటుకలు కనపడ్డాయి, ఊరు కనపడలేదు

హరప్పా అంటే ఇప్పుడు మనకు స్కూలు పుస్తకంలో మొదటి పాఠం. వందేళ్ల కిందట మాత్రం అది ఇప్పటి పాకిస్తాన్ పంజాబులో రావి నది పాత పాయ పక్కనున్న ఇటుకల దిబ్బ, అంతే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మాత్రం ఎవరో రాజు చేసిన పాపానికి దేవుడి కోపం తగిలి ఊరంతా కూలిపోయిందని చెప్పుకునేవాళ్లు. చదువుకున్నవాళ్లు కట్టిన కథలు ఇంతకన్నా గొప్పవేం కావు.

ఈస్టిండియా కంపెనీ సైన్యం నుంచి 1827లో పారిపోయి, పేరు మార్చుకుని తిరిగిన చార్లెస్ మాసన్ ఆ దిబ్బ చూసి, ఇది అలెగ్జాండర్ దాడి చేసిన సంగల కోట అనుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన పురావస్తు అధికారి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ బుర్ర నిండా చైనా బౌద్ధ యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ యాత్ర, కాబట్టి ఆయన బౌద్ధుల ఊరు వెతుక్కున్నాడు. 1853లో మొదటిసారి చూసిన గోడలు 1872-73లో మళ్లీ వచ్చేసరికి చాలావరకు లేవు. లాహోర్-ముల్తాన్ రైలు మార్గం కింద పరచడానికి కాంట్రాక్టర్లు ఇటుకలు తవ్వుకుపోయారు, అదీ దాదాపు వంద మైళ్ల పట్టాలకు సరిపడా!

అంత పోయాక కూడా ఆయన చేతికో నల్లరాతి ముద్ర వచ్చింది. మూపురం లేని ఎద్దు, దాని మెడ కింద రెండు నక్షత్రాలు, పైన ఆరు అక్షరాలు. మన ఎద్దుకు మూపురం ఉంటుంది, ఆ అక్షరాలూ మనవి కావు, కాబట్టి ముద్ర పరదేశానిదే అని తేల్చేశాడు. అంత చేరువకు వచ్చి అలా జారవిడుచుకోవడం చూస్తే జాలేస్తుంది.

నాకు అన్నిటికన్నా విచిత్రం, సింధులో ఉన్న అలాంటిదే ఇంకో దిబ్బ మొహెంజొదారో సంగతి. 1911-12లో పురావస్తు శాఖ తరఫున డి.ఆర్. భండార్కర్ వెళ్లి చూసి, ఇటుకలు మరీ కొత్తగా ఉన్నాయి, మహా అయితే రెండొందల ఏళ్ల ఊరు అని రాసేశాడు. అంటే ఎత్తు, వెడల్పు, పొడవు ఒకటికి రెండు, రెండుకు నాలుగు లెక్కన అంత కుదురుగా ఇటుకలు కాల్చినవాళ్ల పనితనమే వాళ్ల వయసును దాచేసింది. తర్వాత అదే శాఖలోని రాఖాల్‌దాస్ బెనర్జీ బౌద్ధ స్తూపం కోసం అక్కడ తవ్వితే, హరప్పాలో దొరికినలాంటి ముద్రలే బయటపడ్డాయి.

1924 సెప్టెంబరులో ఆ శాఖ పెద్ద జాన్ మార్షల్ రెండు చోట్ల ఫొటోలూ లండన్ పత్రికలో వేయించాడు. వారం తిరక్కుండానే అక్కడి పండితులు ఇలాంటివి పశ్చిమాసియా తవ్వకాల్లో చూశామని రాశారు. కన్నింగ్‌హామ్ పరాయిదన్న ముద్ర నిజానికి ఇక్కడిదే, ఇరాక్ మట్టిలో దొరికిన దాని తోబుట్టువులే అక్కడికి పరాయివి.