నిజ్వా కోట: మేం తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

ఒమాన్ రాజధాని మస్కట్ నుంచి నిజ్వా ఊరికి శుక్రవారం మేకల సంతకని వచ్చి, పనిలో పనిగా నిజ్వా కోట కూడా చుట్టేసి వెళ్లే తెలుగువాళ్లు బాగానే ఉంటారు. పాత గోడలు, పాత సామాన్లు కాపాడటం నా పని కాబట్టి వాళ్ల మాటలు చెవిన పడుతూనే ఉంటాయి.

అపోహ: కోటంటే ఫిరంగులు, బురుజులు. కుండలు, చాపలు, కొట్టుగదులు ఊరికే జాగా నింపడానికి.

వాస్తవం: నన్నడిగితే ఒమాన్ కోటల్లో తప్పకుండా చూడాల్సింది ఖర్జూరం కొట్టు. ఇక్కడివాళ్లు మద్బసా అంటారు. నేలంతా సన్నటి గట్లు, వాటి మధ్య కాలువలు, ఒక పక్కకి కాస్త వాలు. ఖర్జూరపు మట్టలతో అల్లిన బస్తాల్లో పండ్లు కుక్కి, ఆ గట్ల మీద ఒకదానిపై ఒకటి పేర్చేవారు. పై బరువుకి కిందివి నలిగి, చిక్కటి రసం కాలువల వెంట పారి చివర పెట్టిన జాడీలోకి చేరేది. మామూలు రోజుల్లో అది తిండి. ముట్టడి వస్తే అదే రసాన్ని సలసలా మరగబెట్టి, తలుపుల పైనున్న రంధ్రాల్లోంచి శత్రువుల నెత్తిన కుమ్మరించేవారు. ఒంటికి అంటుకుందంటే వదలదు మరి! బురుజు మెట్లెక్కేటప్పుడు తలెత్తితే ఆ రంధ్రాలు కనిపిస్తాయి. చాలామంది సెల్ఫీ హడావిడిలో వాటి కిందనుంచే వెళ్లిపోతారు.

అపోహ: అంతెత్తు బురుజు లోపలంతా గదులే.

వాస్తవం: కింది భాగం రాళ్లూ మట్టీ నింపేసిన దిమ్మె. 17వ శతాబ్దంలో అప్పటి ఒమాన్ పాలకుడు ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ దీన్ని కట్టించేనాటికి యుద్ధమంటే ఫిరంగులే. బయటి గుండు తగిలినా, పైనున్న సొంత ఫిరంగి వెనక్కి తన్నినా బోలు కట్టడం ఆగదు. కట్టడానికి 12 ఏళ్లు పట్టిందని చెబుతారు.

అపోహ: పెచ్చులూడిన చోట కాస్త సిమెంట్ కొట్టేస్తే సరి.

వాస్తవం: ఈ మాట వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఇక్కడి పాత గార పేరు సారూజ్. బంకమన్ను కాల్చి, పొడి కొట్టి, సున్నంతో కలుపుతారు. మన పాత కోటలకి డంగు సున్నం ఎలాగో ఇక్కడ ఇది అలాగ. గోడలో చేరిన చెమ్మని బయటికి వదులుతుంది. సిమెంట్ వదలదు. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, చివరికి సిమెంట్ పొర ఊడేటప్పుడు పాత గోడని కూడా ఊడబెరుక్కుని వస్తుంది.

అపోహ: మజ్లిస్‌లో, అంటే అతిథుల్ని కూర్చోబెట్టే గదిలో, తివాచీలు, కాఫీ కూజాలు అప్పట్లో వదిలేసి వెళ్లినవే.

వాస్తవం: కాదు. ఇలాంటి గదులు తర్వాత అమర్చినవి. కొన్ని పాతవి సేకరించి పెడతారు, కొన్ని ఆ తీరులో కొత్తగా చేయిస్తారు.

అపోహ: ఇక్కడి పాత సామాన్లు ఒక్కసారి ముట్టుకుంటే అరిగిపోతాయా?

వాస్తవం: అరగవు, మచ్చ పడతాయి. చేతి చెమటలోని ఉప్పు వెండికీ రాగికీ పడదు. ఖంజర్ (ఒమానీల వంకీ బాకు) ఒర మీది సన్నటి వెండిపని నల్లబడ్డాక తోమితే, నలుపుతో పాటు కాస్త వెండీ పోతుంది. అందుకే తళతళలాడించాలని మేం చూడం. "వీళ్లు సరిగ్గా తుడవరు" అని విసుక్కునేవాళ్లకి ఇదే జవాబు.