రెండు చొక్కాల బరువు

రాజమండ్రి,
శ్రావణం, ముసురు పట్టిన మూడో రోజు

చి. అమ్ములుకి, చి. బాబీకి తాతయ్య ఆశీస్సులు. ఉభయకుశలోపరి. (ఈ మాటకి అర్థం మీ నాన్నని అడగండి. చెప్పలేకపోతే నాకు ఫోన్ చెయ్యండి, ఆయన సంగతి నేను చూసుకుంటాను.)

అమ్ములూ, నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ నానమ్మా నేనూ మూడుసార్లు విన్నాం. వానలకి బట్టలు ఆరడం లేదని నాన్న బాల్కనీలో కొత్త నైలాన్ తాడు కట్టాడు. మధ్యలో కుంగకూడదని పళ్లు బిగించి మరీ లాగి కట్టాడు. నీ స్కూలు చొక్కా, తమ్ముడి చొక్కా ఆరేసిన కాసేపటికే గోడలో మేకు సిమెంటు పెచ్చుతో సహా ఊడి వచ్చింది. "రెండు చొక్కాలు అంత బరువా తాతయ్యా?" అని అడిగావు. నీ వెనకాల మీ నాన్న "మేకు నాసిరకం, అంతే" అని గొణగడం కూడా వినపడింది.

పాపం, మేకుని అనకండి. చొక్కాలనీ అనకండి. ఇదే పని నేను పదకొండో ఏట చేసి తన్నులు తినబోయి తప్పించుకున్నాను. అది తర్వాత చెబుతాను. ముందు బాత్‌రూమ్‌లోంచి ఒక బకెట్ తెచ్చుకోండి.

బకెట్‌లో సగానికి నీళ్లు పొయ్యండి. పిడిలోంచి ఒక పాత తువ్వాలు దూర్చి, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఎత్తండి. భుజాలు రాసుకునేంత దగ్గరగా నిలబడితే బకెట్ తేలిగ్గా లేస్తుంది. బరువు చెరిసగం. ఇప్పుడు దించకుండా ఒక్కో అడుగు వెనక్కి జరగండి. బకెట్‌లో నీళ్లు ఒక్క చుక్క పెరగలేదు కదా, అయినా చేతులు పీకడం మొదలవుతుంది. ఇంకొంచెం జరిగితే తువ్వాలు జారిపోతుంది, లేదా బాబీ నీ మీదికి వచ్చి పడతాడు. తువ్వాలు బల్లపరుపుగా నిలిచేదాకా లాగాలని చూడండి. మీ వల్ల కాదు. నాన్నని పిలవండి, ఆయన వల్లా కాదు. వీధిలో వాళ్లందరినీ పిలిచినా కాదు.

ఎందుకంటే తాడుకి ఒకటే విద్య తెలుసు. తను ఏ వైపు పోతుందో ఆ వైపుకే లాగగలదు. బకెట్‌ని భూమి కిందికి గుంజుతోంది. అది పడకుండా ఉండాలంటే అంతే గట్టిగా పైకి గుంజేవాళ్లు కావాలి. తువ్వాలు ఏటవాలుగా ఉన్నంతసేపూ మీ లాగుడులో కొంత పైకి పోతుంది, కొంత పక్కకి పోతుంది. పక్కకి పోయేదానితో బకెట్‌కి ఒరిగేదేమీ లేదు. నువ్వు అటు లాగుతావు, వాడు ఇటు లాగుతాడు, దానికీ దీనికీ చెల్లు. తువ్వాలు అడ్డంగా వాలుతున్నకొద్దీ పైకి లాగే వాటా చిక్కిపోతుంది. ఆ చిక్కిన వాటాతోనే అదే బకెట్‌ని మొయ్యాలి కాబట్టి మొత్తం లాగుడు పెరిగిపోతుంది. తాడు పూర్తిగా అడ్డంగా పడుకుంటే పైకి లాగే వాటా సున్నా. సున్నాతో చొక్కా గుండీ కూడా నిలవదు.

పెద్ద తరగతుల్లో దీన్ని సమతాస్థితి అని చెబుతారు. పేరు వినగానే ఏదో ధ్యానంలో కూర్చున్నట్టు ఉంటుంది గానీ, అసలు జరిగేది మూడువైపులా గుంజులాట. భూమి ఒకవైపు, తాడు కుడి సగం ఒకవైపు, ఎడమ సగం ఇంకోవైపు. ముగ్గురి గుంజుడూ కలిపి చెల్లుకి చెల్లు అయింది కాబట్టి చొక్కా ఊరికే వేలాడుతున్నట్టు కనపడుతుంది.

ఇక మీ బాల్కనీ లెక్క. తాడు నాలుగు మీటర్లు అనుకుందాం. నీళ్లోడుతున్న రెండు చొక్కాలూ కలిపి ఒక కిలో, రెండూ సరిగ్గా మధ్యలోనే ఉన్నాయనుకుందాం. తాడు అరమీటరు కుంగితే ఒక్కో మేకునీ సుమారు రెండు కిలోల బరువంత లాగుతుంది. 20 సెంటీమీటర్లే కుంగితే 5 కిలోలు. 10 సెంటీమీటర్లయితే 10 కిలోలు. 5 అయితే 20. ఒక్క సెంటీమీటరు మాత్రమే కుంగేంత బిగువుగా ఉందంటే 100 కిలోలు, అంటే క్వింటాలు! ఈ తాడుకి, ఈ బరువుకి 100ని సెంటీమీటర్లలో కుంగుతో భాగిస్తే చాలు, దాదాపుగా సరిపోతుంది. మరి కుంగు సున్నా అయితే? 100ని సున్నాతో భాగించి చూడు బాబీ, నీ కాలిక్యులేటర్ ఏమంటుందో.

మీ నాన్న గోడని అడిగింది కిలో మొయ్యమని కాదు. చూడ్డానికి తాడు నీటుగా ఉండాలని, దాదాపు క్వింటాలు లాగుడికి తట్టుకోమన్నాడు. పెచ్చు ఊడిందంటే ఊడదూ మరి.

వీధిలో కరెంటు తీగలు చూడండి, స్తంభానికీ స్తంభానికీ మధ్య వేలాడుతూనే ఉంటాయి. లైన్‌మన్‌కి లాగడం చేతకాక కాదు. చలికి తీగ పొట్టిదవుతుంది, అప్పుడు బిగుసుకుని తెగకుండా ముందే ఆ వదులు ఇచ్చి కడతారు. ఎండాకాలం మధ్యాహ్నం అవే తీగలు ఇంకాస్త కిందికి దిగుతాయి.

సరే, నా కథ. మా మామ్మకి మడి బట్టలు ఆరేసుకోవడానికి వసారాలో ఒక వెదురు దండెం ఉండేది. కర్రతో పైకెత్తి ఆరేసేది, ఎవరమూ తగలకుండా. ఒక వానాకాలం అది పుచ్చి విరిగింది. "ఒరేయ్, వసారా స్తంభానికీ ఆ చెట్టుకీ ఒక తాడు కట్టరా" అంది. చెట్టు అంటే మునగచెట్టు. నేను మా పెద్దక్కతో కలిసి కొబ్బరితాడు తెచ్చి కట్టాను. అక్క పక్కన నిలబడి "నువ్వు భీముడివిరా, ఇంకా లాగు, ఇంకా లాగు" అంటూనే ఉంది. వీణ తీగలా మోగేదాకా బిగించాను. మామ్మ రెండు తొమ్మిది గజాల చీరలు తడిపి ఆరేసింది. ఆవిడ వెనక్కి తిరిగిందో లేదో, ఫట్‌మని మునగచెట్టు నడిమికి విరిగి, చీరలతో సహా బురదలో పడింది. కాయలున్న చెట్టు! మామ్మ చీపురు తీసుకుంది. నేను పరిగెత్తి గోదారి గట్టున తేలాను.

మనిషిని పొగిడి ఉబ్బేయడాన్ని "మునగచెట్టు ఎక్కించడం" అని ఎందుకన్నారో ఆ రోజు రెండు రకాలుగానూ అర్థమైంది. మునగకొమ్మ పెళుసు. వంగకుండానే విరుగుతుంది, ముందు చెప్పి విరగదు. చింతబరికె ఉంది చూశారూ, దాన్ని విల్లులా వంచినా మళ్లీ నిటారుగా నిలుస్తుంది. మా మాస్టారి చేతిలో దాని పనితనం నాకు బాగా తెలుసు. ఒకే బరువు ఒకదాన్ని వంచుతుంది, ఒకదాన్ని విరిచేస్తుంది. అందుకని ఎంత బరువు అని అడిగి ఊరుకోకూడదు, దేని మీద, ఎంత చోటు మీద అని కూడా అడగాలి.

ఎంత చోటు అనేది మీకూ తెలుసు. కూరల సంచి పల్చటి ప్లాస్టిక్ పిడి వేళ్లలోకి కోసుకుపోతుంది. దానికి రుమాలు మడిచి పెడితే నొప్పి పోతుంది. కూరగాయలు తగ్గలేదు, బరువు పరుచుకునే చోటు పెరిగింది. మామ్మ నీళ్ల బిందె నెత్తిన పెట్టుకునే ముందు పాత చీర ముక్క చుట్టి చుట్టకుదురు చేసుకునేది. బిందె అడుగు ఒక్కచోట గుచ్చుకోకుండా బరువంతా చుట్టూ సర్దుకునేది. ఇంజనీర్లు బరువుని వైశాల్యంతో భాగించి ప్రతిబలం అంటారు, ఇంగ్లీషులో స్ట్రెస్. మామ్మకి ఆ మాటలు రావు. చుట్టకుదురు మాత్రం ఎంత లావు ఉండాలో ఏ రోజూ తప్పలేదు. నేను కాలవల మీద ఓవర్‌సీరుగా ముప్ఫై ఏళ్లు చేశాను, నాకు తప్పిన రోజులున్నాయి.

బరువు పడితే ప్రతి వస్తువూ కొంచెం సాగుతుంది, లేదా కుదించుకుపోతుంది. మీ నైలాన్ తాడు సాగడం కంటికే కనపడుతుంది. ఇనుము సాగదనుకుంటాం. అడ్డంగా కోస్తే కోసిన చోటు ఒక చదరపు మిల్లీమీటరు ఉండే ఉక్కు తీగ రెండు మీటర్లు తీసుకుని పది కిలోలు వేలాడదీస్తే దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది. బరువు తీసేస్తే మళ్లీ యథాస్థానం. నాలుగు మీటర్ల తీగయితే రెండు మిల్లీమీటర్లు. అందుకే ఎంత సాగింది అని కాక, ఉన్న పొడవులో ఎన్నో వంతు సాగింది అని చూస్తారు. ఆ వంతు పేరు వికృతి, స్ట్రెయిన్. భయంకరమైన పేరు పెట్టారు గానీ పాపం అది చాలా చిన్నది.

పాత పేపర్లు కొనేవాడి చేతిలో కొక్కెం ఉన్న స్ప్రింగు కాటా చూశారు కదా. రెండింతలు బరువు వేస్తే రెండింతలు సాగుతుంది, దాని నమ్మకమంతా అదే. ఈ సంగతిని ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే ఆయన కనిపెట్టి, ఎవరైనా కాజేస్తారేమోనని 1676లో అక్షరాలు చిందరవందర చేసి ఒక పుస్తకంలో పొడుపుకథలా అచ్చు వేశాడు. రెండేళ్ల తర్వాత 1678లో తనే విప్పాడు: "ఉట్ టెన్సియో, సిక్ విస్." లాటిన్. సాగుడు ఎంతో బలం అంత అని. పరీక్షల ముందు మీ అమ్మ "టెన్షన్‌గా ఉంది" అంటుంది చూడండి, ఆ మాటకీ ఈ టెన్సియోకీ చుట్టరికం. లాగి పట్టిన తాడే రెండూ.

అయితే హుక్ గారి మాటకి ఒక హద్దుంది. మా ఇంట్లో నులక మంచం కొత్తలో అందరం ఎక్కి గెంతేవాళ్లం. దిగితే నులక మళ్లీ బిగువుగా ఉండేది. ఏళ్లు గడిచాక దిగినా గుంట గుంటగానే ఉండిపోయింది. కుక్కిమంచం అయింది. హద్దు దాటి సాగినదీ, ఏళ్ల తరబడి బరువు మోసినదీ వెనక్కి రావు. (పిల్లల్ని చదువు చదువు అని లాగేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. మీ నాన్నకి చూపించండి.)

ఆ 1676 పుస్తకంలోనే హుక్ ఇంకో పొడుపుకథ కూడా దాచాడు. దాన్ని బతికుండగా విప్పనే లేదు. ఆయన పోయాక 1705లో బయటపడింది. వేలాడే గొలుసు ఏ వంపులో ఉంటుందో, దాన్ని తలకిందులు చేసి రాతితో కడితే ఆ కమాను నిలబడుతుంది అని! గొలుసులో ప్రతి లంకె పక్కదాన్ని లాగుతుంది. తిరగేస్తే ప్రతి రాయీ పక్కదాన్ని నెడుతుంది. లాగుడంతా నెట్టుడు అయిపోతుంది, వంపు మాత్రం అదే. ఓవర్‌సీరు పని నేర్చుకునే రోజుల్లో ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మామ్మ దండెం తాడుని అద్దంలో తలకిందులుగా చూస్తే గుడి కమాను కనపడుతుందన్నమాట.

గుడి దాకా ఎందుకు, మన గోదారి మీదే ఉంది. పాత హేవలాక్ వంతెన మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి, 56 అంకణాలు. (ఇంట్లో రెండు దూలాల మధ్య చోటు అంకణం. ఇక్కడ రెండు స్తంభాల మధ్య.) చిన్నప్పుడు దాని మీద రైలు వెళ్తుంటే మేము గోదారికి పైసలు వేసేవాళ్లం. 1997లో దానికి విశ్రాంతినిచ్చారు. దాని పక్కనే లేచింది కమానుల వంతెన, 28 అంకణాలే, ఒక్కోటీ 97 మీటర్ల పైచిలుకు. కమాను మీద బరువు పడితే దాని పాదాలు రెండూ పక్కలకి జరిగిపోవాలని చూస్తాయి. జరగకుండా కింద రైలు నడిచే నేలే వాటిని వింటినారిలా పట్టి ఉంచుతుంది. ఆ నేల బరువునీ రైలు బరువునీ కమాను నుంచి దిగే ఉక్కు తీగలు మోస్తాయి. నాకు మాత్రం అది ఎప్పుడు చూసినా గోదారి మీద వేసిన 28 దండేలు, వాటి మీద ఆరేసిన రైలు.

అమ్ములూ, మేకు మళ్లీ కొట్టేటప్పుడు నాన్నని తాడు ఒక జానెడు కుంగనివ్వమని చెప్పు. కట్టే ముందు ఊరెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచుకునే కాటా ఉంది కదా, దాన్ని తాడుకీ మేకుకీ మధ్య తగిలించు. చొక్కాలు మధ్యలో వేసి, తాడు వదులు చేస్తూ, బిగిస్తూ, కాటాలో అంకె ఎలా మారుతుందో రాసి పంపు. మరీ బిగించొద్దు, కాటా పాడవుతుంది.

సంక్రాంతికి వస్తారు కదా. ఒక రోజు తెల్లవారుజామున గోదారి గట్టుకి తీసుకెళ్తాను. నానమ్మ మెడలో గొలుసు అడిగి తెచ్చుకుందాం. రెండు కొసలూ నువ్వు పట్టుకో, వంతెన వైపుగా వేలాడనివ్వు. బాబీ ఫోన్‌లో ఫొటో తీసి, ఫోన్ తలకిందులుగా తిప్పుతాడు. తర్వాత ఫొటోనీ కమానునీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

గొలుసు మాత్రం నీళ్లకి దూరంగా పట్టుకోవాలి. అది పోతే ఈసారి చీపురు నానమ్మ తీసుకుంటుంది, నేను పరిగెత్తలేను.

ఇట్లు,
మీ తాతయ్య