పాత ట్రాక్టర్‌కి గొలుసు కట్టే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్నొక ఆదివారం ఫోను. "అన్నా, నాన్నగారి మాస్సీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్ పదిహేనేళ్ల నుంచి చావిట్లోనే ఉంది. ఇంజిన్ పట్టేసింది. నిన్న మా బావ ట్రాక్టర్‌కి గొలుసు కట్టి లాగాం. చక్రాలు ఈడ్చుకుపోతున్నాయి గానీ ఇంజిన్ తిరగట్లేదు. ఇవాళ జేసీబీ వస్తోంది, అదీ కాకపోతే పాత ఇనుము వాడికి వేసేద్దామని..."

జేసీబీని వెనక్కి పంపించమన్నాను. నేనొచ్చేదాకా బండిని ఎవరూ ముట్టుకోవద్దన్నాను.

పాత ట్రాక్టర్లు బాగుచేసే పనిలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే: పట్టేసిన ఇంజిన్ లాగితే వదులుతుంది, వదలకపోతే దాని పని అయిపోయినట్టే. రెండూ తప్పే. ఈ మాట నమ్మి తూకానికి అమ్మేసిన బండ్లు ఎన్ని చూశానో. వాటిలో సగానికి పైగా బతికేవని నా నమ్మకం.

అసలు ఎందుకు పట్టేస్తుందో చూడండి. సైలెన్సర్ నిలువుగా పైకి ఉంటుంది, మూత ఉండదు. ఇంజిన్ ఎక్కడ ఆగినా దాదాపు ఎప్పుడూ ఏదో ఒక సిలిండర్‌లో ఎగ్జాస్ట్ వాల్వు తెరిచే ఉంటుంది. పైన పెంకులు జారితే వాన నీరు గొట్టంలోంచి నేరుగా ఆ సిలిండర్‌లోకే దిగుతుంది. అక్కడ పిస్టన్ రింగులు లైనర్‌కి, అంటే సిలిండర్ లోపలి గొట్టానికి, తుప్పుతో అతుక్కుంటాయి. ఈ మాస్సీలో ఉన్న మూడు పిస్టన్లలో మిగతా రెండింటికీ మామూలుగా ఏమీ కాదు. అంటే బండి మొత్తాన్ని ఆపేసింది ఒక్క పిస్టన్ చుట్టూ ఉన్న కాస్త తుప్పు.

గేరులో వేసి లాగుతూ ఒక్కసారిగా క్లచ్ వదిలితే టన్నుకు పైగా బరువున్న బండి కుదుపంతా ఆ పిస్టన్ మీదే పడుతుంది. పైన ఇంకా నీళ్లు నిలిచి ఉంటే మరీ ఘోరం. నీరు గాలిలా నొక్కుకోదు కదా, కనెక్టింగ్ రాడ్ వంగాల్సిందే. పిస్టన్ మీది రింగు గాడులు పగులుతాయి, ఒక్కోసారి గేరు పళ్లు కూడా పోతాయి. అదృష్టం బాగుండి ఇంజిన్ వదిలి స్టార్ట్ అయిందనుకోండి, అప్పుడు అసలు టెన్షన్. ఏళ్లనాటి డీజిల్ జిగురై పంపులో ర్యాక్ (ఇంజిన్‌కి ఎంత డీజిల్ వెళ్లాలో అదుపు చేసే కడ్డీ) బిగుసుకుని ఉంటే ఇంజిన్ ఫుల్ రేజ్‌లో అరుస్తుంది, ఆపే రాడ్ లాగినా ఆగదు. అందుకే నేను మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు గాలి పీల్చే గొట్టానికి అడ్డం పెట్టడానికి చెక్క పలక పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాల్సిందే.

ఇవన్నీ పుస్తకంలో చదివి చెప్పట్లేదు. ఇరవై ఏళ్ల వయసులో మా మావయ్య బి-275 ట్రాక్టర్‌ని నేనే ఇలా లాగించాను. లోపల 'టక్' మంది. వంగిన ఆ రాడ్‌ని మావయ్య చావిట్లో మేకుకి తగిలించాడు. పండక్కి వెళ్తే ఇప్పటికీ అల్లుళ్లకి చూపిస్తాడు.

సరే, ఏం చేయాలి? గేరు న్యూట్రల్‌లో పెట్టి ముందు నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పండి. నిలిచిన నీరు బయటికి రావడానికి దారి కావాలి. ఆ మాస్సీలో మధ్య సిలిండర్ నుంచి టీ గ్లాసుడు తుప్పు నీళ్లు తీశాను. తర్వాత డీజిల్, ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో పోసేది) సమంగా కలిపి మూడు సిలిండర్లలో పోసి వదిలేయాలి. రోజూ కొంచెం కలపాలి, వారం పడుతుంది, మూడు వారాలూ పట్టొచ్చు. ట్యాపెట్ కవరు తీసి వాల్వులు కదులుతున్నాయో లేదో చూడాలి. సెల్ఫ్ విప్పి, ఆ సందులోంచి ఫ్లైవీలు పళ్లకి లీవర్ వేసి ముందుకూ వెనక్కూ మెల్లగా ఒత్తాలి. బలవంతం వద్దు.

ఆ ఇంటి పెద్దావిడ రోజూ సాయంత్రం వచ్చి "ఏమయ్యా, కదిలిందా?" అని అడిగేవారు. ఆయన పోయాక ఆ బండిని ఎవరూ తియ్యలేదట. పన్నెండో రోజున ఫ్లైవీలు పన్ను వాసి కదిలింది. పెద్దావిడ అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నారు.

కదిలిందని వెంటనే సెల్ఫ్ కొట్టకండి. పోసిందంతా కిందికి దిగి సంపు (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) ఆయిల్‌లో కలిసి ఉంటుంది, ముందు ఆయిల్ మార్చండి. మూడు వారాలకీ కదలకపోతే హెడ్డు, సంపు విప్పి, రాడ్ క్యాప్ తీసి, చెక్క దిమ్మె పెట్టి పిస్టన్‌ని తట్టాలి. లైనర్ పాడైతే మార్చుకోవచ్చు, ఆ ఇంజిన్‌ని అలాగే తయారు చేశారు. అది పెర్కిన్స్ అనే ఇంగ్లండ్ కంపెనీ ఇంజిన్, అదే డిజైన్ మీద చెన్నైలో సింప్సన్ వాళ్లు ఏళ్ల తరబడి ఇంజిన్లు చేశారు కాబట్టి సామాన్లకీ పెద్దగా వెతుకులాట ఉండదు.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

నాలుగు సిలిండర్ల 35 దొరికితే అదృష్టం అంటారు. 1956లో వచ్చిన ఆ డీజిల్ మోడల్‌కి మొదట స్టాండర్డ్ కంపెనీ నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఉండేది. చలిలో స్టార్ట్ కాదని ఇంగ్లండ్ రైతులే విసుక్కున్నారు. 1959లో దాని స్థానంలో మూడు సిలిండర్ల పెర్కిన్స్ పెట్టారు. సిలిండర్లు లెక్కపెట్టి ఎక్కువ ధర ఇవ్వకండి.

ఫెర్గూసన్ అంటే ఎరుపు అని అన్నిటికీ ఎరుపే పూసేస్తున్నారు. 1946 నుంచి 1956 వరకు కోవెంట్రీలో 5 లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టీఈ-20 మోడల్ పూర్తిగా బూడిద రంగు. 35 కూడా మొదట్లో బూడిద రేకులతో, బంగారు ఛాయ ఇంజిన్‌తో వచ్చింది. ఎరుపు 1957 చివర్లో మొదలైంది. మీ బండి అసలు రంగు తెలియాలంటే ఏదైనా బ్రాకెట్ విప్పి దాని వెనక చూడండి. కంపెనీ వేసిన సీరియల్ నంబరు ప్లేటు మీద మాత్రం గ్రైండర్ పెట్టారో, మళ్లీ నా దగ్గరికి రాకండి.

మొదటి భారతీయ ట్రాక్టర్ స్వరాజా, ఐషరా అని కొట్టుకుంటుంటారు. ఇక్కడ తయారైన మొదటిది ఐషర్. జర్మన్ డిజైన్‌తో 1959 ఏప్రిల్ 24న ఫరీదాబాద్‌లో బయటికొచ్చింది. విదేశీ సాయం లేకుండా, దుర్గాపూర్ పరిశోధనా సంస్థ గీసిన డిజైన్‌తో 1974లో వచ్చింది స్వరాజ్ 724. ఇద్దరూ గెలిచారు, ఇక ఆపండి. ఆ పాత ఐషర్‌కి రేడియేటర్ లేదని కూడా భయపడుతుంటారు. అది గాలితో చల్లబడే ఇంజిన్. సిలిండర్ రెక్కల మధ్య గడ్డీ మట్టీ పేరుకోకుండా చూస్తే చాలు.

ధర సంగతి. ఎవరో ఎక్కడో పది లక్షలకి కొన్నారట అన్న మాట పట్టుకుని అప్పు చేసి బండి బాగుచేయించకండి. చాలామందికి పెట్టిన ఖర్చు కూడా వెనక్కి రాదు. నాన్న నడిపిన బండి అనో, మీకు ఇష్టం అనో అయితే చేయించుకోండి.

ఆ మాస్సీ ఇప్పుడు మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది. సైలెన్సర్ మీద పెద్దావిడే పాలపొడి డబ్బా బోర్లించారు. హైడ్రాలిక్ ఇంకా లేవట్లేదు, ఆ పని వచ్చే నెల.