ఫోన్ బ్యాటరీలో ఆవకాయ సూత్రం

ఉప్పల్ నుంచి ఒక డెలివరీ కుర్రాడు అడిగాడు: "సార్, ఫోన్ కొని రెండేళ్లు కూడా కాలేదు. వెనక మూత ఒక పక్క లేచింది. చీకట్లో చూస్తే డిస్‌ప్లే అంచు నుంచి సన్నగా వెలుతురు వస్తోంది. రోజూ రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టి పడుకుంటాను, దానివల్లే అంటున్నారు ఫ్రెండ్స్. పేలుతుందా?"

ముందు చేయాల్సింది చెప్పేస్తాను. ఆ ఫోన్ ఇక ఛార్జింగ్ పెట్టకండి. స్విచాఫ్ చేసేయండి. లేచిన మూతను వేళ్లతో నొక్కి సరిచేయాలని చూడకండి. వీలైతే ఇవాళే బ్యాటరీ మార్పించండి. ఇక కారణం సంగతంటారా, నా అనుమానం మీ రాత్రి నిద్ర మీద కాదు, పగటి డ్యూటీ మీద.

అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో రిపేరు బల్లల దగ్గర కాసేపు నిలబడితే ఇలాంటి బ్యాటరీని కళ్లారా చూడొచ్చు. మూత జిగురును వేడితో మెత్తబరిచి, పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి నెమ్మదిగా లేపుతారు. కింద నల్ల స్టిక్కర్ అంటించిన వెండి రంగు సంచీ కనిపిస్తుంది. కొన్నప్పుడు అది నాలుగైదు మిల్లీమీటర్ల మందంతో చదునుగా ఉంటుంది. ఉబ్బినదైతే మధ్యలో ఎత్తుగా లేచి, అంచుల దగ్గర రేకు బిగుసుకుపోయి ఉంటుంది. ఎక్కడైనా చిన్న చిల్లు పడి ఉంటే గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు తియ్యటి ఘాటు వాసన. పని తెలిసిన మెకానిక్ దాని కింద ఇనుప పనిముట్టు పెట్టడు.

లోపల ఉన్నది గ్యాస్. అన్ని వైపులా సీలు వేసిన సంచీలోకి గ్యాస్ ఎక్కడి నుంచి వచ్చింది? నాకు తెలిసి ఫోన్ మొత్తంలో ఇంతకంటే రుచికరమైన ప్రశ్న లేదు.

బ్యాటరీ నిర్మాణం గురించి రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం. ఒక వైపు గ్రాఫైట్, ఇంకో వైపు కోబాల్ట్ లాంటి లోహపు ఆక్సైడ్, రెంటి మధ్య లిథియం లవణం కరిగిన ద్రావణం. ఛార్జింగ్ పెడితే లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు దూరతాయి, వాడుతుంటే వెనక్కి పోతాయి. 1991లో సోనీ కంపెనీ వీటిని మార్కెట్లోకి తెచ్చింది. దీని వెనక పని చేసిన గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒక ఫిర్యాదు. మన ఊళ్లో ఇంటర్ ఎంపీసీ చదివిన ఏ పిల్లాణ్ని నిద్రలో లేపి అడిగినా ఫారడే, అంటే ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం, 96,500 కూలుంబులని చెప్తాడు. జేబులో ఉన్న ఫోన్ మీద ఆ అంకె వేసి చూడమని ఒక్క లెక్చరరూ చెప్పడు. వేద్దాం. 5,000 ఎంఏహెచ్ అంటే 5 ఆంపియర్లు గంట సేపు, అంటే 18,000 కూలుంబులు. 96,500తో భాగిస్తే 0.187 మోల్ ఎలక్ట్రాన్లు, ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒక్కో లిథియం అయాన్. లిథియం పరమాణు భారం 6.94తో గుణిస్తే దాదాపు 1.3 గ్రాములు. రోజంతా రీల్స్ చూపించి, మ్యాపులు చూపించి, ఓటీపీలు తెచ్చి ఇచ్చేది అటూ ఇటూ తిరిగే ఈ 1.3 గ్రాముల లిథియమే. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

అసలు చిక్కు గ్రాఫైట్ దగ్గర ఉంది. ద్రావణంలో ఎథిలీన్ కార్బొనేట్ అనే పదార్థం ఉంటుంది. లిథియం లోహాన్ని సున్నాగా పెట్టి కొలిస్తే, సుమారు 0.8 వోల్టుల కిందికి దిగిన చోట అది ఎలక్ట్రాన్లు తీసుకుని విరిగిపోతుంది. నిండా ఛార్జయిన గ్రాఫైట్ 0.1 వోల్టు దగ్గర ఉంటుంది. ఆ లెక్కన ద్రావణమంతా కొద్ది రోజుల్లోనే నాశనం కావాలి, బ్యాటరీ అనేదే సాధ్యం కాకూడదు. మరి ఎలా నడుస్తోంది? మొదటి ఛార్జింగ్‌లో కొంత ద్రావణం నిజంగానే విరుగుతుంది. ఆ ముక్కలు లిథియంతో కలిసి గ్రాఫైట్ మీద పొరగా పేరుకుంటాయి. మందం కొన్ని పదుల నానోమీటర్లు. దాని గుండా లిథియం అయాన్లు దూరిపోతాయి కానీ ఎలక్ట్రాన్లు దాటలేవు. దాంతో మిగతా ద్రావణం బతికిపోతుంది. 1979లో ఇమాన్యుయెల్ పెలెడ్ దీనికి సాలిడ్ ఎలక్ట్రోలైట్ ఇంటర్‌ఫేజ్ అని పేరు పెట్టారు. మనం పొర అనుకుంటే చాలు.

ఈ పొర సంగతి ఆవకాయ పెట్టే ఇంట్లో వాళ్లకు చెప్పక్కర్లేదు. జాడీలో ముక్కల మీద నూనె నిలవాలి. నూనె పైన ఉన్నంత కాలం కింది ముక్కకు గాలి తగలదు, బూజు రాదు. కానీ పెట్టిన రోజు పోసిన నూనె అలాగే ఉండదు, ముక్కా పిండీ పీల్చుకుంటాయి. మూడో రోజు వాసెన విప్పి, తిరగకలిపి, తగ్గిన మేరకు మళ్లీ పోస్తారు. బ్యాటరీ ఫ్యాక్టరీలో జరిగేదీ ఇంచుమించు ఇదే. కొత్త సెల్లును మొదటిసారి చాలా నెమ్మదిగా ఛార్జ్ చేస్తారు. పొర కడుతుంది, కొంత గ్యాస్ వస్తుంది, దాన్ని తీసేసి అప్పుడు చివరి సీలు వేస్తారు. ఈ ఊరబెట్టే పనిలో లిథియంలో పదో వంతు దాకా పొరకే ఖర్చయిపోవచ్చు. ఆ ఖర్చు పోగా మిగిలిందే డబ్బా మీద రాసే ఎంఏహెచ్.

తడి గరిటె పెట్టొద్దని అమ్మమ్మ ఎందుకు అరుస్తుందో, ఫ్యాక్టరీ వాళ్లు తేమ లేని గదులు ఎందుకు కట్టుకుంటారో ఒకే రకంగా అర్థం చేసుకోవచ్చు. బ్యాటరీలోని లిథియం లవణం నీటి చెమ్మ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారుతుంది. అది పొరనూ తింటుంది, ఎదుటి ఆక్సైడ్ ఎలక్ట్రోడ్‌నూ తింటుంది.

ఇప్పుడు వాడకం. లిథియం లోపలికి దూరినప్పుడు గ్రాఫైట్ దాదాపు పది శాతం ఉబ్బుతుంది, బయటికి పోగానే తగ్గుతుంది. పైనున్న పొర ఈ సాగుడుకు అక్కడక్కడా చిట్లుతుంది. గరిటె తిప్పినప్పుడు ముక్క నూనె పైకి తేలినట్టు, చిట్లిన చోట కొత్త గ్రాఫైట్ ద్రావణానికి ఎదురవుతుంది. వెంటనే ఇంకొంచెం ద్రావణం విరిగి ఆ చోటు కప్పేస్తుంది. ఇంట్లో అయితే డబ్బాలోంచో కొట్టులోంచో నూనె తెచ్చి పోస్తాం. బ్యాటరీకి బయటి నుంచి చుక్క రాదు. అతుకు వేయడానికి వాడాల్సింది ఆ 1.3 గ్రాముల్లోంచే. అందుకే రెండు మూడేళ్లకు సెట్టింగుల్లో బ్యాటరీ హెల్త్ 80 శాతానికి దిగుతుంది. పోయిన 20 శాతంలో పెద్ద వాటా ఈ అతుకులదే. లిథియం ఎక్కడికీ పోలేదు, పొరలో చిక్కుకుని పనికి రాకుండా కూర్చుంది.

ఆవకాయ పొంగడం చూశారా? ఉప్పు తగ్గినా, తడి తగిలినా, వేడి చోట పెట్టినా ముక్క పులిసి గ్యాస్ వస్తుంది, జాడీ అంచుల మీదుగా కారుతుంది. బ్యాటరీలో సూక్ష్మజీవులు లేవు, పోలిక అక్కడితో ఆగుతుంది. కానీ ద్రావణం విరిగినప్పుడల్లా పొరతో పాటు ఎథిలీన్, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు పుడతాయి. నెమ్మదిగా జరిగితే బ్యాటరీ సర్దుకుంటుంది. వేగంగా జరిగితే సంచీ ఉబ్బి మూతను లేపుతుంది.

వేగం పెంచేవి రెండు: వేడి, నిండుదనం. వేడి పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని మోటు లెక్క. నిండుదనం గురించి జనానికి తెలిసింది తక్కువ. నూటికి నూరు ఛార్జయినప్పుడు ఒక పక్క గ్రాఫైట్ అట్టడుగు వోల్టేజీకి దిగి ద్రావణానికి ఎలక్ట్రాన్లు అంటగడుతుంది. రెండో పక్క ఆక్సైడ్ ఎలక్ట్రోడ్ 4.4 వోల్టుల దాకా ఎక్కి, అదే ద్రావణం నుంచి ఎలక్ట్రాన్లు లాగుతుంది. 50 శాతం దగ్గర ఈ ఒత్తిడి చాలా తక్కువ.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం ఉప్పల్ రింగ్ రోడ్డు మీద మీ బండి హ్యాండిల్ చూద్దాం. బయట 41 డిగ్రీలు. నల్ల ఫోన్, దాని మీద మందపాటి నల్ల కవరు, నేరుగా ఎండ. ఎండలో కనపడాలని బ్రైట్‌నెస్ ఫుల్లు. జీపీఎస్ ఆన్, డేటా ఆన్. ఆర్డర్ మధ్యలో ఆగిపోతుందేమోనన్న టెన్షన్‌తో పవర్ బ్యాంకు వైరు పొద్దుటి నుంచి గుచ్చే ఉంది, కాబట్టి ఎప్పుడూ 100 శాతం. ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెబుతుంది. మన వేసవి బయటి గాలే ఆ గీత దాటేసింది, ఫోన్ లోపలి వేడి దాని పైన. వేడీ నిండుదనమూ కలిపి రోజుకు ఎనిమిది పది గంటలు. ఇంత పగటి పనిని వదిలేసి పాపం రాత్రి ఛార్జింగ్‌ను తిట్టడం న్యాయం కాదు.

అయితే ఏం చేయాలి? వైరు ఎప్పుడూ గుచ్చి ఉంచకుండా 30కి దిగినప్పుడు పెట్టి 80 దగ్గర తీసేయండి. చాలా ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగ్ ఉంది, అది పెడితే మీరు చూసుకోనక్కర్లేదు. ఫోన్ మీద చిన్న గొడుగు రేకు బిగించే స్టాండ్లు దొరుకుతాయి, నవ్వొచ్చేలా ఉంటాయి కానీ మంచివి. ఆర్డర్ కోసం ఆగినప్పుడు ఫోన్‌ను నీడకు తిప్పండి. బాగా వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లో పెట్టే అలవాటుంటే మానండి, చల్లబడిన లోపలి భాగాల మీద గాలి చెమ్మ నీరుగా దిగుతుంది.

రాత్రి ఛార్జింగ్‌లో ఫోన్ పొంగిపొర్లదు. నిండాక లోపలి సర్క్యూటే కరెంటు ఆపేస్తుంది. దిండు కింద, దుప్పటి మీద మాత్రం వద్దు, వేడి బయటికి పోయే దారి ఉండదు. ఛార్జర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసి కొనండి. పూర్తిగా సున్నా అయ్యాకే పెట్టాలన్న నమ్మకం పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటిది. వాటికి అది కొంత నిజం, దీనికి చెరుపు.

ఇంకో మూఢనమ్మకం కూడా ఈ వేడి దగ్గరికే వస్తుంది: రేడియేషన్‌ను ఆపుతాయని ఫోన్ వెనక అంటించే స్టిక్కర్లు. ఫోన్ వాడే 1,800 మెగాహెర్ట్జ్ తరంగంలో ఒక ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్షో వంతు కూడా ఉండదు. అణుబంధం తెగాలంటే కొన్ని ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. సరే, స్టిక్కర్ నిజంగానే తరంగాన్ని అడ్డుకుందనుకుందాం. టవర్ అందక ఫోన్ మరింత బలంగా పంపుతుంది, బ్యాటరీ ఇంకా వేడెక్కుతుంది. డబ్బిచ్చి కొనుక్కున్న స్టిక్కర్ చేసే పని ఇది.

పేలుతుందా అని అడిగారు. ఉబ్బిన ప్రతిదీ పేలదు. సంచీకి చిల్లు పడినా, లోపలి ఎలక్ట్రోడ్లు ఒకదానికొకటి తగిలినా ప్రమాదం. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లు అంటుకున్నది అలా లోపలి షార్ట్ సర్క్యూట్ వల్లే. సుమారు 80 డిగ్రీలు దాటితే మనం ఇంతసేపు చెప్పుకున్న పొరే విరగడం మొదలై, ఆ చర్య ఇంకా వేడి పుట్టిస్తుంది. 130 దగ్గర రెండు ఎలక్ట్రోడ్లనూ విడదీసే పాలిథిలీన్ తెర కరుగుతుంది. ఆ తర్వాత మంటను ఆపడం కష్టం. ఫోన్ అంటుకుంటే, ఛార్జర్ ప్లగ్గు తీసేసి ఉంటే, నీళ్లు పోసి చల్లబరచాలి. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు పవర్ బ్యాంకును చెక్-ఇన్ బ్యాగులోంచి తీయించేదీ ఇందుకే. చేతి సంచీలో అంటుకుంటే సిబ్బంది నీళ్లు పోయగలరు, కింది సామాన్ల గదిలో ఎవరూ పోయలేరు.

ఉబ్బిన పాత బ్యాటరీని చెత్త ఆటోలో మాత్రం వేయకండి. ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో యంత్రం చెత్తను నొక్కేటప్పుడు అది చితికి నిప్పు రాజుకుంటుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుదే, కాబట్టి మార్పించిన సర్వీస్ సెంటర్‌లోనే అప్పగించండి. అక్కడికి తీసుకెళ్లేదాకా పొడి ఇసుక పోసిన స్టీలు డబ్బాలో, మూత బిగించకుండా, బాల్కనీలో నీడ పట్టున ఉంచండి.