నైట్రో కారు కార్బ్యురేటర్: ఒక నీడిల్ మీద మూడు పనులు

నైట్రో ఇంజిన్ ఉన్న, రిమోట్‌తో నడిపే ఆర్‌సీ కారు కొన్నవాళ్లు తొందర్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "హై స్పీడ్ నీడిల్ బిగించేకొద్దీ కారు దూసుకుపోతోంది కదా, ఇంకా పొగ ఎందుకు రావాలి?" పూర్తి వేగంలో ఇంజిన్‌కి వెళ్లే ఇంధనాన్ని సరిచేసే స్క్రూ ఈ నీడిల్, బిగిస్తే ఇంధనం తగ్గుతుంది. పొగ ఆగిందంటే ఇంజిన్‌కి నూనె అందడం లేదని అర్థం.

2.1 సీసీ, 3.5 సీసీ టూ-స్ట్రోక్ ఇంజిన్లివి. ఆయిల్ పంపు లేదు, రేడియేటర్ లేదు, స్పార్క్ ప్లగ్ కూడా లేదు. ఇంధనంలో ఎక్కువ భాగం మెథనాల్. నైట్రోమీథేన్ సాధారణంగా 10 నుంచి 30 శాతం. మిగిలింది సింథటిక్ ఆయిల్, దాంతో కొంత ఆముదం. పాలమూరు చేలలో పండే ఆముదమే! వేడి హద్దు దాటితే సింథటిక్ ఆయిల్ కాలిపోతుంది, ఆముదం మాత్రం జిగురు పొరగా మారి పిస్టన్‌ని కొంతసేపు కాపాడుతుంది.

కార్బ్యురేటర్ పాఠం చాలాచోట్ల గాలి, ఇంధనం నిష్పత్తి దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ అది చాలదు. కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, మెథనాల్‌కి 6.4 చాలు, నైట్రోమీథేన్‌కి 1.7 చాలు. అందుకే ఈ బుల్లి ఇంజిన్ అంత ఇంధనం తాగుతుంది. స్పిరిట్ రాసిన చోట చేయి చల్లబడినట్టే, మెథనాల్ ఆవిరవుతూ ఇంజిన్ లోపలి వేడిని లాగేస్తుంది. ఆ శక్తి పెట్రోలుకంటే దాదాపు మూడు రెట్లు. నీడిల్‌ని 1/8 చుట్టు బిగిస్తే మంటకి అందే ఇంధనంతోపాటు చల్లదనం తగ్గుతుంది, నూనె తగ్గుతుంది. పైగా స్పార్క్ ప్లగ్ బదులుండే గ్లో ప్లగ్‌లోని ప్లాటినం తీగ మెథనాల్‌ని మండించే క్షణం కూడా వేడిని బట్టే మారుతుంది. లీన్ అయితే, అంటే గాలికి తగినంత ఇంధనం అందకపోతే, మంట ముందుగా అంటుకుంటుంది, వేడి ఇంకా పెరుగుతుంది, మంట ఇంకా ముందుకు జరుగుతుంది. తీగ మసకబారి మెలిపడిందంటే జరిగింది ఇదే.

ట్యూనింగ్ ఎప్పుడూ ఇంజిన్ వేడెక్కాకే. ముందు హై స్పీడ్ నీడిల్: ఫుల్ త్రాటిల్‌లో సన్నని నీలిపొగ కనబడాలి, గ్లో ప్లగ్ మొదలు దగ్గర 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. థర్మామీటర్ గన్ లేకపోతే హెడ్ మీద నీటిచుక్క వేయండి. మూడు నాలుగు సెకన్లలో ఆవిరైతే సరే, పడగానే చిటపటమని ఎగిరిపోతే వెంటనే ఆపేయాలి. ట్రాక్ చివర్లో వేగం దానంతటదే పడిపోవడం కూడా లీన్ లక్షణమే.

తర్వాత లో స్పీడ్ నీడిల్. ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) ఇంధనం ట్యూబుని కార్బ్యురేటర్ దగ్గర నొక్కి పట్టండి. రెండు మూడు సెకన్లలో శబ్దం కాస్త పెరిగి ఇంజిన్ ఆగితే సరైనట్టు. నొక్కగానే ఆగితే లీన్, నాలుగైదు సెకన్లు దాటితే రిచ్, అంటే ఇంధనం ఎక్కువైనట్టు. ఐడిల్ స్క్రూ చివర్లో. ట్యూబులో కంటికి కనబడని చిల్లు ఉంటే ఎంత తిప్పినా నిలకడ రాదు, ముందు ట్యూబు మార్చండి.

కొత్త ఇంజిన్‌ని ఇంధనంలో ముంచినంత రిచ్‌గా నడిపితే మంచిదన్నది మూఢనమ్మకమే. స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పైభాగం చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌ని బిగబట్టేలా సన్నగా ఉంటుంది, వేడికే వ్యాకోచించి దారి ఇస్తుంది. చల్లగా నడిపితే ఆ బిగువే అరిగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ మీదా భారం పడుతుంది.

ఇక వాతావరణం. వైజాగ్ బీచ్‌లో సరిచేసిన ఇంజిన్, 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో పలచని గాలికి రిచ్ అవుతుంది. అది పెద్ద ప్రమాదం కాదు. మే మధ్యాహ్నం 42 డిగ్రీల్లో సెట్ చేసి డిసెంబరు ఉదయం 13 డిగ్రీల్లో అలాగే పరుగెత్తించడమే ప్రమాదం. చలిగాలి సాంద్రత దాదాపు 10 శాతం ఎక్కువ, ఇంధనం మాత్రం పాత లెక్కే. చలికాలం మొదటి పరుగుకి ముందే హై స్పీడ్ నీడిల్ 1/8 చుట్టు వదులు చేసి, అక్కణ్నుంచి కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి.